ఆదాయం కొంచెమైనా నిలబడే ఇల్లు: ధర్మపురి తెలుగు కుటుంబాలకు పొదుపు వివరాలు

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో మనమందరం చెవులు రిక్కించి వినేది ఒక్క మాట కోసమే. మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత? ఆదాయం ఎనిమిది, వ్యయం పద్నాలుగు అని పంతులుగారు చదివితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుంటాం. ఆ రెండు అంకెలు ఉగాదికి ఒకసారి వినేవి కావు, నెలనెలా ఇంట్లో కూర్చుని రాసుకోవలసినవి. ధర్మపురి, పాలక్కోడు, పెన్నాగరం, అరూరు ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కొన్ని సేద్యం మీద, కొన్ని చిన్న వ్యాపారం మీద, కొన్ని నెల జీతం మీద బతుకుతున్నాయి. ఏ ఇంటికైనా పనికివచ్చే లెక్కలను, మన జిల్లాలో అందుబాటులో ఉన్న సదుపాయాలను ఒకచోట చేర్చి ఈ వ్యాసం ఇస్తున్నాం. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. కాబట్టి ఇంట్లో చదవగలిగినవారు మిగతావారికి చదివి వినిపించవలసిందిగా మనవి.

పొదుపు సంఘాలు మన జిల్లాలోనే పుట్టాయి

తమిళనాట మహిళా స్వయం సహాయక సంఘాలు మొదట ఏర్పడింది మన ధర్మపురి జిల్లాలోనే. ఈ సంగతి ఇప్పటి పిల్లలకు తెలియదు. 1989లో అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయంతో తమిళనాడు మహిళాభివృద్ధి సంస్థ ఈ పని ఇక్కడ ప్రారంభించింది. అప్పటికి కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలు కూడా మన జిల్లాలోనే ఉండేవి. 2004లోనే కృష్ణగిరి వేరు జిల్లా అయింది. ఇక్కడి అనుభవం చూసిన తర్వాత ఆ పథకాన్ని సేలం మొదలైన జిల్లాలకు విస్తరించారు. 1997-98 నుంచి మహళిర్ తిట్టం పేరుతో ప్రభుత్వ నిధులతో అది రాష్ట్రమంతా పాకింది.

అటు తెలుగునాట కూడా దాదాపు అదే కాలంలో ఇలాంటి కదలిక వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగళ్ల మీద తిరగబడ్డారు. 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమంలో కలిసిన ఆడవాళ్లే తర్వాత పొదుపు లక్ష్మి సంఘాలుగా ఏర్పడి రోజుకింత అని దాచుకోవడం మొదలుపెట్టారు. సారాకు పోయే డబ్బు ఆగితే పొదుపు అవుతుందని వాళ్లు చేసి చూపించారు. ఇది ఎవరినీ నొప్పించాలని రాయడం లేదు, లెక్క కోసం రాస్తున్నాం. రోజుకు 150 రూపాయలు టాస్మాక్ అంగడికి పోయే ఇంట్లో నెలకు 4,500, ఏడాదికి 54,000 రూపాయలు పోతున్నట్టు. ఆ రంధ్రం మూయకుండా వంటింట్లో ఉప్పు పప్పు దగ్గర ఎంత పిసినారితనం చేసినా ఆ ఇల్లు నిలబడదు.

మొదటి పని: జమాఖర్చుల పుస్తకం

ముప్పై ఏళ్లకు పైగా ఆఫీసులో పద్దులు రాసినవాడిగా ఒక మాట చెప్పగలను. రాయని ఖర్చు కనపడదు, కనపడని ఖర్చు తగ్గదు. దీనికి కంప్యూటరు అక్కర్లేదు. నలభై పేజీల నోటుపుస్తకం చాలు. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు రాయండి. ఏ రోజుది ఆ రోజే రాయాలి, ఒక్క టీ అయినా వదలకూడదు. మూడు నెలలు రాస్తే మీ ఇంటి డబ్బు ఎటు పోతున్నదో మీకే తెలుస్తుంది. ఇప్పుడు చాలామంది ఫోను చూపించి డబ్బు కడుతున్నారు. చేతినుంచి నోటు పోయినట్టు ఉండదు కాబట్టి చిల్లర ఖర్చు తెలియకుండా పెరుగుతుంది. వాటిని కూడా రాత్రిపూట చూసి పుస్తకంలో ఎక్కించండి.

నెలకు 22,000 రూపాయల రాబడి, నలుగురు మనుషులు ఉన్న ఒక అద్దె ఇల్లు అనుకుందాం. పద్దు ఇలా వేసుకోవచ్చు:

ఇంటి అద్దె: 4,500
బియ్యం, పప్పు, నూనె, ఇతర సరుకులు: 5,500
పాలు, కూరగాయలు, గుడ్లు: 3,000
కరెంటు, గ్యాస్, ఫోను: 1,700
చదువు, ప్రయాణం: 2,300
వైద్యం: 1,000
పండుగలు, శుభకార్యాలు: 1,000
పొదుపు: 2,000
చేతినిల్వ: 1,000
మొత్తం: 22,000

ఇది నమూనా మాత్రమే. మీ ఇంటికి తగినట్టు మార్చుకోండి. ఒక్క నియమం మాత్రం మార్చవద్దు. పొదుపు 2,000 అన్నది నెలాఖరున మిగిలితే వేసేది కాదు. జీతం వచ్చిన రోజే తీసి పక్కన పెట్టవలసినది. మిగిలినది దాచుకుందామంటే ఏ నెలా మిగలదు. చేతినిల్వ అంటే జ్వరం, బండి రిపేరు వంటి అనుకోని ఖర్చుకు. వాడకపోతే అది కూడబెట్టి కనీసం మూడు నెలల ఇంటి ఖర్చుకు సమానం అయ్యేదాకా ముట్టకూడదు. సేద్యం మీద బతికేవారికి నెలనెలా రాబడి ఉండదు. వారు పంట అమ్మిన రోజున వచ్చిన మొత్తాన్ని తర్వాతి పంట వచ్చేదాకా ఎన్ని నెలలో అన్ని భాగాలు చేసి, నెలకు ఒక భాగమే తీసుకోవడం మంచిది.

రేషన్ కార్డు: వదులుకోవలసినది కాదు

దేశంలో చాలా రాష్ట్రాల్లో రేషన్ పేదలకే ఇస్తారు. తమిళనాట అందరికీ కార్డు ఉంటుంది. కార్డు రకాన్ని, సభ్యుల సంఖ్యను బట్టి సరుకులు మారతాయి. 2011 జూన్ నుంచి బియ్యం కార్డులకు బియ్యం ఉచితం. అంత్యోదయ కార్డుకు నెలకు 35 కిలోలు ఇస్తారు. కందిపప్పు కిలో 30 రూపాయలు, పామాయిల్ లీటరు 25 రూపాయలు, చక్కెర కిలో 25 రూపాయలు. బయట అంగడిలో కందిపప్పు, నూనె రెండూ నూరు రూపాయలు దాటినవే. ఈ రెండు సరుకులు నెలనెలా తప్పక తెచ్చుకుంటేనే నెలకు సుమారు 150, ఏడాదికి 1,800 రూపాయలు మిగులుతాయి. గౌరవానికి భంగమని అంగడికి వెళ్లని ఇళ్లు మనలో ఉన్నాయి. అది మనకు హక్కుగా వచ్చేది, ఎవరినో అడుక్కునేది కాదు.

గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. పెళ్లై వెళ్లిన ఆడపిల్ల పేరు తీయించి, కొత్తగా వచ్చిన కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు చేర్పించాలి. ఫోను నంబరు మారితే కార్డుకు కొత్త నంబరు జత చేయించాలి. సరుకు తీసుకోగానే వచ్చే సందేశంలో ఎంత ఇచ్చినట్టు రాసిందో, సంచిలో అంతే ఉన్నదో లేదో చూసుకోవాలి. తేడా ఉంటే 1967 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు.

మన జిల్లాకు ప్రత్యేకంగా మరొకటి ఉంది. 2023లో నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో రెండు కిలోల బియ్యానికి బదులు రెండు కిలోల రాగులు ఇచ్చే పద్ధతి ప్రవేశపెట్టారు. తమిళంలో కేళ్వరగు అని అడగండి.

వంటిల్లు: మన పెద్దల తిండే చవక, బలం

ధర్మపురి మెట్ట భూమి. ఇక్కడ పండేవి రాగి, సామ, ఉలవ, అనుము, వేరుశనగ, చింత, మామిడి. వెనకటి ఇళ్లలో పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం రాగి ముద్ద, ఉలవచారు ఉండేవి. తెల్లన్నం పండుగకు వండేవారు. ఇప్పుడు తిరగబడింది. తెల్లన్నం రోజూ తింటున్నాం, చక్కెర జబ్బు వచ్చాక డాక్టరు చెబితే రాగిపిండిని పొట్లంలో ఎక్కువ ధర పెట్టి కొంటున్నాం. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో సుమారు పదే ఉంటుంది. ఉలవల్లో నూటికి ఇరవై పాళ్లకు పైగా మాంసకృత్తులు ఉన్నాయి. వారంలో మూడు పూటలు రాగి, ఒక పూట సామన్నం, రెండుసార్లు ఉలవచారు పెట్టుకుంటే బియ్యం ఖర్చు, పప్పు ఖర్చు రెండూ తగ్గుతాయి.

ఏది ఎప్పుడు కొనాలన్నది కూడా పొదుపే. చింతపండు కొత్త పంట మాసి నుంచి చిత్తిరై నెలల దాకా వస్తుంది. అప్పుడు ఏడాదికి సరిపడా కొని, గింజ తీసి, ఎండబెట్టి, కాస్త ఉప్పు కలిపి మట్టికుండలో పెడితే ఏడాది నిలుస్తుంది. కందిపప్పు ఎక్కువగా కొంటే కొద్దిగా ఆముదం పట్టించి ఎండలో పెట్టి డబ్బాకెత్తండి, పురుగు పట్టదు. రాగులు తడి తగలకుండా ఉంచితే ఏళ్ల తరబడి చెడవు. కరువు రోజుల్లో మనవాళ్లను కాపాడింది ఆ గుణమే.

పాలక్కోడు టమాటా మండీలో ధర ఎలా ఎగిరి దూకుతుందో మనకు తెలుసు. ఒక నెల కొనలేం, మరో నెల రైతు రోడ్డు పక్కన పారబోస్తాడు. ధర పడిపోయినప్పుడు నాలుగైదు కిలోలు కొని ఊరగాయ పెట్టుకోండి, లేదా ముక్కలు కోసి ఎండబెట్టి ఒరుగులు చేసుకోండి. మామిడికాయ ఒరుగులు, కాకరకాయ ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు కూడా అంతే. వానాకాలంలో కూరగాయల ధర పెరిగినప్పుడు పులుసులో వేసుకోవచ్చు.

కూరగాయలకు ఉళవర్ సందై మంచిది. 1999 నవంబరులో మదురైలో మొదటి సందై తెరిచారు. దళారి లేకుండా రైతే అమ్మే అంగడి అది. టోకు ధరకు సుమారు ఇరవై శాతం పైన, చిల్లర ధరకు పదిహేను శాతం కింద ఉండేలా అక్కడ ధరలు వేసి బోర్డు మీద రాస్తారు. రైతుకూ మేలు, మనకూ మేలు. పొద్దున్నే వెళ్తే తాజాగా దొరుకుతాయి.

గ్యాస్ సంగతి. పప్పు, ఉలవలు, శనగలు ముందుగా నానబెట్టండి. మూత పెట్టి వండండి. కుక్కరు కూత వచ్చాక మంట తగ్గించండి. అన్నం, పప్పు ఒకే కుక్కరులో రెండు గిన్నెలు పెట్టి వండితే ఒక మంటతో రెండు పనులవుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలను కాసేపు బయట ఉంచి కాచండి. సిలిండరు పెట్టిన తేదీ గోడ మీద క్యాలెండరులో రాయండి. ఎన్ని రోజులు వచ్చిందో తెలిస్తే ఎక్కడ వృథా అవుతున్నదో తెలుస్తుంది.

కరెంటు: 500 యూనిట్ల గీత

తమిళనాట ఇళ్లకు రెండు నెలలకు ఒకసారి లెక్క తీస్తారు. మొదటి 100 యూనిట్లు అందరికీ ఉచితం. అసలు కిటుకు 500 యూనిట్ల దగ్గర ఉంది. 2022 సెప్టెంబరు ధరలతో చూద్దాం. 500 లోపు వాడిన ఇంటికి 101 నుంచి 200 దాకా యూనిట్‌కు 2.25 రూపాయలు, 201 నుంచి 400 దాకా 4.50, 401 నుంచి 500 దాకా 6. సరిగ్గా 500 వాడితే బిల్లు 225, 900, 600 కలిపి 1,725 రూపాయలు. 500 దాటితే 2.25 ధర పోయి, 101 నుంచి 400 దాకా మొత్తం 4.50 అవుతుంది. పైన వాడినదానికి యూనిట్‌కు 8. అంటే 510 యూనిట్లు వాడిన ఇంటికి 1,350, 600, 80 కలిపి 2,030 రూపాయలు. పది యూనిట్లకు 305 రూపాయలు! తర్వాత ధరలు కొంత పెరిగాయి గాని ఈ గీత పద్ధతి అలాగే ఉంది.

అందువల్ల లెక్క తీసిన తేదీ గుర్తుపెట్టుకుని, నెల తిరిగేసరికి మీటరు మీరే చూసుకోండి. 250 దాటితే రెండో నెల జాగ్రత్తపడవచ్చు. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 12 గంటల చొప్పున రెండు నెలలకు 54 యూనిట్లు. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర ఉంటుంది, అంటే దాదాపు 22 యూనిట్లే. ఇంట్లో రెండు పాత ఫ్యాన్లు మారిస్తే 64 యూనిట్లు తగ్గుతాయి. రెండు వేల వాట్ల నీళ్ల గీజరు రోజూ అరగంట వేస్తే రెండు నెలలకు 60 యూనిట్లు అవుతుంది. మన ఎండకు నల్ల డ్రమ్ములో పెట్టిన నీళ్లు సాయంత్రానికి ఉచితంగా వేడెక్కుతాయి.

మగళిర్ ఉరిమై తొగై కింద నెలకు 1,000 రూపాయలు అందుకునేవారు మరో గీత కూడా గమనించాలి. ఈ పథకం దరఖాస్తుల శిబిరాన్ని 2023 జూలైలో ముఖ్యమంత్రి మన జిల్లా తొప్పూరులోనే ప్రారంభించారు. సెప్టెంబరు 15 నుంచి డబ్బు జమ కావడం మొదలైంది. అర్హత నిబంధనల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలని, కరెంటు వాడకం ఏడాదికి 3,600 యూనిట్ల లోపు ఉండాలని పెట్టారు.

నీళ్లు, వైద్యం: ఇక్కడ చవక చూడకూడదు

మన జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. పిల్లల పళ్లపై మరకలు, పెద్దల కీళ్లు బిగిసిపోవడం ఈ నీళ్ల వల్లే. కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఈ బాధ తీర్చడానికే జపాన్ రుణ సాయంతో హొగెనక్కల్ కూట్టు కుడినీర్ పథకం కట్టారు. 2013లో అది ప్రారంభమైంది. తాగడానికి, వంటకు ఆ కావేరి నీళ్లనే పట్టి ఉంచుకుని, బోరు నీళ్లు బట్టలకు, కడుగుడుకు వాడండి. క్యాను నీళ్లు కొనే ఖర్చు కూడా తగ్గుతుంది.

మందుల ఖర్చు ముసలివాళ్లున్న ఇంట్లో పెద్ద పద్దు. రక్తపోటు, చక్కెర జబ్బు మందులను ఇంటికే తెచ్చి ఇచ్చే మక్కళై తేడి మరుత్తువం పథకాన్ని 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ప్రారంభించారు. మీ వీధికి వచ్చే ఆరోగ్య కార్యకర్త దగ్గర పేరు రాయించుకోండి. బయట కొనవలసినవి ఉంటే జన్ ఔషధి అంగళ్లలో, ముదల్వర్ మరుందగంలో తక్కువ ధరకు దొరుకుతాయేమో చూడండి. డాక్టరుగారిని మందు అసలు పేరు రాసివ్వమని అడిగితే సులువు. కుటుంబ ఆదాయం ఏడాదికి 1,20,000 లోపు ఉంటే ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా కార్డుతో ఏడాదికి ఐదు లక్షల దాకా చికిత్స దొరుకుతుంది. ఆపద వచ్చాక కార్డు కోసం పరుగెత్తకండి, ఇప్పుడే తీసి ఉంచండి.

బ్యాంకు ఖాతా ఉన్నవారు రెండు చిన్న బీమాలు వేయించుకోవాలి. ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా 70 ఏళ్ల దాకా, 436 రూపాయలతో జీవిత బీమా. ఈ రెండోదానిలో 50 ఏళ్ల లోపు చేరాలి. ఒక్కొక్కటి రెండు లక్షలు. ఇంటికి రాబడి తెచ్చే మనిషికి ఇవి లేకపోవడం పొదుపు కాదు.

చదువు, ప్రయాణం

2021 మే నుంచి సాధారణ టౌను బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. రోజూ పనికి, మార్కెట్టుకు వెళ్లే ఇల్లాలికి ఇది నెలకు కొన్ని వందలు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, పుస్తకాలు, బట్టలు, బస్సు పాసు ఉన్నాయి. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్ల కాలేజీకి వెళ్తే పుదుమై పెణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి. ఇది 2022 సెప్టెంబరు 5న మొదలైంది. మగపిల్లలకు తమిళ్ పుదల్వన్ పేరుతో 2024 ఆగస్టు నుంచి ఇస్తున్నారు. 2020 నుంచి వైద్య విద్యలో ప్రభుత్వ బడి పిల్లలకు ఏడున్నర శాతం సీట్లు కేటాయించారు. అప్పు చేసి ప్రైవేటు బడిలో వేసే ముందు ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద వేసి చూడండి.

అప్పు: ఇల్లు మునిగేది ఇక్కడే

మనవాళ్లు వడ్డీని రూపాయల్లో చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే తక్కువలాగా వినపడుతుంది. నూటికి నెలకు రెండు అంటే ఏడాదికి 24 శాతం. 50,000 అప్పుకు నెలకు 1,000 వడ్డీ. ఐదేళ్లు వడ్డీ మాత్రమే కడితే 60,000 కట్టినట్టు, అసలు 50,000 అలాగే ఉంటుంది. అదే నెలకు 1,000 రూపాయలు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో 6.7 శాతం వడ్డీకి ఐదేళ్లు వేస్తే చేతికి సుమారు 71,366 రూపాయలు వస్తాయి. నెలకు అదే వెయ్యి. ఒక ఇంట్లో అప్పు మిగులుతుంది, మరో ఇంట్లో డబ్బు మిగులుతుంది.

తండల్ అప్పు ఇంకా కష్టం. 10,000 అని రాసి చేతికి 8,500 ఇచ్చి, రోజుకు 100 చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. వడ్డీ పదిహేను వందలే కదా అనిపిస్తుంది. రోజూ అసలు తగ్గుతూ ఉంటుంది కాబట్టి, సరిగ్గా లెక్క వేస్తే ఏడాదికి నూటికి నూరు దాటుతుంది. ఫ్లాట్ వడ్డీ కూడా అంతే. 12,000 అప్పుకు 12 శాతం ఫ్లాట్ అని నెలకు 1,120 చొప్పున పన్నెండు కంతులు కట్టించుకుంటే, అసలు వడ్డీ 21 శాతానికి పైనే. కాబట్టి ఎంత శాతం అని అడగడంతో ఆగకుండా, చేతికి ఎంత వస్తుంది, మొత్తం ఎంత కట్టాలి, ఎన్ని నెలల్లో కట్టాలి అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబులు కాగితం మీద రాయించుకోండి.

కందు వడ్డీ, మీటరు వడ్డీ వసూలు చేయడం తమిళనాట 2003 చట్టం ప్రకారం నేరం. మైక్రోఫైనాన్స్ అప్పుల కంతులన్నీ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు 2022 నుంచి నియమం పెట్టింది. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ఇంటికి నాలుగైదు సంస్థలు అప్పులిచ్చి, వారం వారం ఒత్తిడి చేయడంతో ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. చివరికి ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు చేసే స్థితి వస్తే సిగ్గుపడి దాచుకోకండి. ఇంట్లో అందరికీ చెప్పి, అన్ని అప్పులూ ఒక కాగితం మీద రాసి, ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చండి. బీరువాలో నగ ఉండి బయట తండల్ కట్టడం కంటే, బ్యాంకులో నగ పెట్టి ఆ అప్పు తీర్చడం మేలు. అయితే విడిపించే తేదీ పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకోవాలి.

ఎక్కడ దాచాలి

ఊళ్లోని మహిళా సంఘంలో చేరడం మొదటి మెట్టు. 12 నుంచి 20 మంది కలిసి, నెలనెలా కొంత వేసి, అందులోంచే ఒకరికొకరు అప్పు ఇచ్చుకుంటారు. వడ్డీ సంఘానికే తిరిగి వస్తుంది. లెక్కలు సరిగా ఉంటే ఆరు నెలల తర్వాత బ్యాంకు అప్పు అడగవచ్చు. పది లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు.

పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. తమిళంలో సెల్వమగళ్ అంటారు. ఏడాదికి కనీసం 250 రూపాయలు వేస్తే చాలు. అరవై దాటినవారికి పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం ఉంది. 2024 ప్రారంభం నుంచి ఈ రెండింటికీ 8.2 శాతం వడ్డీ ఇస్తున్నారు. వడ్డీ మూడు నెలలకొకసారి మార్చవచ్చు కాబట్టి చేరే రోజు అడిగి తెలుసుకోండి.

చీటీ వేసేవారు అది రిజిస్టరు అయిన చీటీయా కాదా అని చూడాలి. చట్టం ప్రకారం నిర్వాహకుడి కమిషను ఏడు శాతం దాటకూడదు. రసీదు లేని దీపావళి చీటీలు, నెలకు నూటికి ఐదు, పది ఇస్తామనే కంపెనీలు మన డబ్బు తినడానికే ఉన్నాయి. 2012లో పెరుందురై ప్రాంతపు ఈము కోళ్ల వ్యవహారంలో వేలమంది పొదుపు పోగొట్టుకున్నది మరచిపోవద్దు. బ్యాంకులో అయితే ఒక్కొక్కరికి ఐదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది.

శుభకార్యాలు

మొయ్, చదివింపులు వచ్చినప్పుడు ఆదాయం లాగా కనిపిస్తాయి, నిజానికి అది తిరిగి కట్టవలసిన బాకీ. మొయ్ పుస్తకం జాగ్రత్తగా ఉంచి, ఈ ఏడాది ఎవరెవరి ఇళ్లలో కార్యాలున్నాయో ముందే రాసుకుని, నెలకింత పక్కన పెట్టండి. పెళ్లి, సమర్త బంతి, చెవులు కుట్టు వేడుకల్లో పక్క ఇంటితో పోటీ వద్దు. మంచమున్నంతే కాళ్లు చాచాలని మన పెద్దలు ఊరికే అనలేదు. నగ కొనేటప్పుడు తరుగు, కూలీ ఎంతో విడిగా అడిగి, రెండు మూడు అంగళ్లలో పోల్చి చూడండి. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగపై ఆరు అక్షరాల సంకేతం తప్పనిసరి. పాత నగ మార్చి కొత్తది చేయించిన ప్రతిసారీ తరుగు పోతుందని గుర్తుంచుకోండి.

తగ్గించకూడని ఖర్చులు

చాలా ఇళ్లలో పొదుపు అంటే ఇల్లాలి కంచం తగ్గడమే. అందరూ తిన్నాక మిగిలినది ఆమె తింటుంది, ఒంట్లో బాగాలేకున్నా ఆస్పత్రికి రేపు వెళ్దాం అంటుంది. అది పొదుపు కాదు. నాలుగేళ్ల తర్వాత పెద్ద వైద్య ఖర్చై వచ్చే అప్పు. పిల్లల గుడ్డు, పాలు, పెద్దల మందులు, ఇల్లాలి తిండి, బీమా, పిల్లల చదువు అనే ఈ ఐదు పద్దులకు కత్తెర వేయకండి. అలాగే జమాఖర్చుల పుస్తకం ఇల్లాలి పని అని వదిలేయకుండా నెలకొకసారి అందరూ కూర్చుని చూడాలి. పిల్లలను కూడా కూర్చోబెట్టండి. ఇంటి రాబడి ఎంతో తెలిసిన పిల్లవాడు అర్థం లేని కోరికలు కోరడు.

పైన చెప్పిన ధరలు, పథకాల నిబంధనలు ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి మారుతుంటాయి. దరఖాస్తు చేసే ముందు ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం తీసుకుని తాలూకా ఆఫీసులో గాని, ఈ-సేవై కేంద్రంలో గాని సరిచూసుకోండి. తమిళంలో దరఖాస్తు నింపడానికి ఇబ్బంది పడే పెద్దలు మన సంఘం వారిని కలిస్తే రాసిపెడతాం, దానికి రుసుము లేదు. ఈ నెల ఒకటో తేదీ నుంచి పుస్తకం మొదలుపెట్టండి. వచ్చే ఉగాదికి మీ ఇంటి ఆదాయ వ్యయాలు మీరే చదివి వినిపించవచ్చు.